సాధన చేసే విద్య – 4వ పాఠం: రెండంటే రెండు బంతులు

పోయిన పాఠంలో నోటుబుక్కులో మూడు గడులు గీసుకోమన్నాను: తేదీ, చేసింది, తప్పింది. గీసుకోనివాళ్ళు ముందు ఆ పని చూడండి. ఈ పాఠం దానిమీదే నిలబడుతుంది.

గీసుకున్నవాళ్ళకి ఈపాటికి ఒక ఇబ్బంది ఎదురై ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు గడులు నిండుతాయి. ఆ తర్వాత “ఈ రోజు నా వంతు రాలేదు”, “కోర్టు ఖాళీ లేదు”, “మేడమ్ పెద్ద పిల్లలతోనే పాడించారు” అని రాయడం మొదలవుతుంది. తప్పు మీది కాదు. నేర్చుకునే చోట ఎప్పుడూ మందే ఎక్కువ, వంతులే తక్కువ. కొంచెం బాగా చేసేవాళ్ళకి కొంచెం ఎక్కువ వంతులొస్తాయి. వాటితో వాళ్ళు ఇంకొంచెం బాగా చేస్తారు, మనం అక్కడే ఉండిపోతాం. ఈ చిక్కుముడి విప్పడమే ఈ పాఠం.

దీనికి నేను ఎంచుకున్న మనిషి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ బ్రేడీ. ఆ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది మన కాలిబంతి కాదు. జట్టుకి 11 మంది. దాడి చేసే జట్టులో దాదాపు ప్రతిసారీ బంతి ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో, ఎవరికి అందించాలో చూసుకోవాల్సినవాడు ఆయనే. అసలు సంగతేమిటంటే ఆ స్థానం ఒక్కటే. క్రికెట్‌లో బ్యాటింగ్ బాగా వచ్చిన ఏడుగురుంటే ఏడుగురినీ ఆడించవచ్చు. వికెట్ కీపర్లు ముగ్గురుంటే మాత్రం ఇద్దరు బయట కూర్చోవాల్సిందే. క్వార్టర్‌బ్యాక్ సంగతీ అంతే. (అన్నట్టు బ్రేడీ బేస్‌బాల్‌లో క్యాచర్, అంటే దాదాపు కీపరే. 1995లో మాంట్రియల్ ఎక్స్‌పోస్ జట్టు ఆయన్ని 18వ రౌండులో ఎంచుకుంది కూడా. ఆయనే వద్దనుకున్నాడు.)

1995లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేరేనాటికి క్వార్టర్‌బ్యాక్‌ల వరుసలో బ్రేడీది ఏడో స్థానం. ప్రాక్టీసులో ఒక ఎత్తుగడను మొదటినుంచి చివరిదాకా ఒకసారి ఆడటాన్ని అక్కడ ‘రెప్’ అంటారు. ముందున్నవాళ్ళకి పోగా బ్రేడీకి రెండు రెప్‌లు దక్కేవి. విసిగిపోయి సొంత రాష్ట్రం కాలిఫోర్నియాకి వెళ్ళిపోదామనుకున్నాడు. ఆ రోజుల్లో ఆటగాళ్ళ మంచిచెడ్డలు చూసే గ్రెగ్ హార్డెన్ దగ్గరికి వెళ్ళి గోడు వెళ్ళబోసుకుంటే, ఆయన కోచ్‌కి సిఫారసు చెయ్యలేదు, ఓదార్చలేదు. రెండే ఇస్తున్నారా, ఆ రెండింటినీ నీకు చేతనైనంత చక్కగా చెయ్యి అన్నాడు. ఆ తర్వాత ఆ రెండు రెప్‌లకీ ఫైనల్ మ్యాచ్‌కి దిగినట్టు పరుగెత్తేవాడినని, అవే నాలుగయ్యాయని, నాలుగు పదయ్యాయని బ్రేడీ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

కథగా బాగానే ఉంది. పాఠంగా మాత్రం చాలదు. ‘చక్కగా చెయ్యి’ అంటే ఏం చెయ్యాలి? పళ్ళు బిగించాలా? అందుకని ఒక రెప్‌ని విప్పి చూద్దాం.

బంతి చేతికి రాకముందే క్వార్టర్‌బ్యాక్‌కి బోలెడు పని ఉంటుంది. ఎత్తుగడ పేరు, అది ఒక్కోసారి రైలు పెట్టెల్లా పొడుగ్గా ఉంటుంది, మిగతా పదిమందికీ తడబడకుండా చెప్పాలి. గీత దగ్గరికి వచ్చి అవతలివాళ్ళు ఎలా నిలబడ్డారో చూడాలి. వెనక కాపలా ఒక్కడే ఉన్నాడా, ఇద్దరా? మీదికి దూకేలా ఉన్నది ఎవరు? ఇది మొదటి భాగం. బంతి చేతికి వచ్చాక మూడో అయిదో అడుగులు వెనక్కి వేసి, మొదటి మనిషి వైపు చూసి, కుదరకపోతే రెండో మనిషి, అదీ కాకపోతే మూడో మనిషి వైపు చూసి విసిరెయ్యాలి. అంతా కలిపి రెండున్నర, మూడు సెకన్లు. ఇది రెండో భాగం. విసిరాక ఎందుకు అటే విసిరాను, ముందు చూసింది నిజమేనా, అడుగు ఎక్కడ తేడా పడింది అని వెనక్కి తిరిగి చూసుకోవడం మూడో భాగం. ఆటగాళ్ళు దీనికోసం వీడియోల ముందు గంటలకొద్దీ కూర్చుంటారు.

ఇప్పుడు మళ్ళీ చూడండి. ఈ మూడింటిలో బంతి అవసరమైనది నడిమి భాగానికి మాత్రమే. మొదటిదానికీ మూడోదానికీ బంతి అక్కర్లేదు, వంతు అక్కర్లేదు, కోచ్ దయ అక్కర్లేదు. పక్కవాడు ఆడుతుంటే వాడి వెనక నిలబడి, అవతలివాళ్ళ కాపలా చదివి, నేనైతే ఎవరికి విసురుతానో ముందే అనుకుని, జరిగినదానితో సరిచూసుకోవచ్చు. ఇది అందరు రిజర్వు క్వార్టర్‌బ్యాక్‌లూ చేసేదే, ‘మెంటల్ రెప్’ అంటారు. అలా చేసేవాడికి మొత్తం ప్రాక్టీసులో రెండు రెప్‌లు కాదు దొరికేది. మూడింట రెండు వంతుల పని ప్రతి రెప్‌లోనూ దొరుకుతుంది.

నాకీ సంగతి పుస్తకాల్లో కాదు, షటిల్ కోర్టులో బోధపడింది. ముప్పై ఎనిమిదో ఏట చేరాను. ఒకే కోర్టు, పద్నాలుగు మంది, నా వంతు నాలుగు నిమిషాలు. మిగతా గంట బెంచీ మీద ఫోను చూసుకుంటూ, నాకంటే బాగా ఆడేవాడి మీద మనసులో పళ్ళు నూరుకుంటూ గడిపేవాణ్ణి. ఒక రోజు ఫోను చార్జింగ్ అయిపోయింది. వేరే పని లేక, సర్వీసు చేసేవాడి మణికట్టు చూసి కాక్ ఎక్కడ పడుతుందో ముందే చెప్పుకోవడం మొదలెట్టాను. మొదటి రోజు నోరు విప్పితే తప్పే. మూడు వారాలకి తప్పులు సగానికి తగ్గాయి. నాలుగు నిమిషాలు నాలుగు నిమిషాలే, కానీ ఆ నాలుగు నిమిషాల్లో నా కాళ్ళు ముందే కదలడం మొదలైంది.

ఇక పోటీ సంగతి. ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ‘కష్టపడ్డాడు, గెలిచాడు’ అని ఒక్క ఊపులో తేల్చేస్తారు. జరిగింది అంత సాఫీగా లేదు. 1998లో బ్రేడీ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. అయినా 1999లో డ్రూ హెన్సన్ అనే కుర్రాడితో స్థానం పంచుకోవాల్సి వచ్చింది. కోచ్ లాయిడ్ కార్ మొదటి క్వార్టర్ (మ్యాచ్‌లో నాలుగో వంతు) బ్రేడీతో, రెండోది హెన్సన్‌తో ఆడించి, ఎవరు కొనసాగాలో విరామంలో తేల్చేవాడు. సాధించుకున్న కుర్చీని ప్రతి మ్యాచ్‌లోనూ మళ్ళీ సాధించుకోవాలన్నమాట. చివరికి సీజన్ బ్రేడీదే అయింది.

2000 డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునేచోట, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఆయన్ని ఆరో రౌండులో, 199వ వాడిగా తీసుకుంది. ఆయనకంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్ళిపోయారు. 40 గజాల పరుగు ఆయనకి 5.28 సెకన్లు పట్టింది. ఆ ఆటలో అది నత్తనడక కిందే లెక్క. మొదటి ఏడాది జట్టులో నాలుగో క్వార్టర్‌బ్యాక్. ఆడింది ఒకే మ్యాచ్, విసిరినవి మూడు, అందినది ఒకటి, దానితో జట్టు ముందుకు జరిగింది 6 గజాలు. మరుసటి ఏడాదికి రెండో స్థానానికి ఎగబాకాడు, కానీ మొదటి స్థానంలో ఉన్న డ్రూ బ్లెడ్సోకి 2001 మార్చిలోనే పదేళ్ళకి 10.3 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చేశారు. ఆ తలుపుకి తాళం పడినట్టే.

2001 సెప్టెంబర్ 23న న్యూయార్క్ జెట్స్ ఆటగాడు మో లూయిస్ గుద్దిన గుద్దుకి బ్లెడ్సో ఛాతీలో రక్తస్రావమై ఆసుపత్రి పాలయ్యాడు. తాళం అలా తెరుచుకుంది. ఇది సాధన ఫలం కాదు, సాటివాడి ప్రాణం మీదికొచ్చిన దెబ్బ. ఈ ముక్క దాచిపెట్టి సాధన గురించి పాఠం చెప్పడం నా దృష్టిలో మోసం. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో, అసలు తెరుచుకుంటుందో లేదో సాధన చెప్పదు.

నాకు మరీ నచ్చిన ఘట్టం దీని తర్వాతిది. బ్లెడ్సో కోలుకుని తిరిగొచ్చాడు, కానీ స్థానం బ్రేడీకే ఉంచారు. కోట్ల ఒప్పందం ఉన్న మనిషి బయట నిలబడి చూశాడు. 2002 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో సూపర్ బౌల్‌కి, అంటే ఏడాది చివరి ఫైనల్‌కి, ముందు మ్యాచ్. బ్రేడీ చీలమండకి దెబ్బ తగిలింది. బ్లెడ్సో దిగాడు. దిగిన కాసేపటికే సహచరుడు డేవిడ్ ప్యాటెన్‌కి టచ్‌డౌన్ (ఆరు పాయింట్లు తెచ్చే) పాస్ విసిరాడు. జట్టు 24–17తో గెలిచింది. వారం తర్వాత సూపర్ బౌల్‌లో మళ్ళీ బ్రేడీ ఆడి, 20–17తో మొదటి ట్రోఫీ అందుకున్నాడు. హార్డెన్ చెప్పిన రెండు రెప్‌ల పాఠానికి బ్రేడీకంటే ఆ రోజు బ్లెడ్సోనే మంచి ఉదాహరణ అంటాను. ఆయన్ని ఆ ఏప్రిల్‌లోనే వేరే జట్టుకి పంపేశారు, అది వేరే సంగతి.

పైకి వెళ్ళాక మూడో భాగం ఏమవుతుందన్నది కూడా చూడాలి. చిన్నప్పుడు విసరడం నేర్పిన టామ్ మార్టినెజ్ దగ్గరికి బ్రేడీ ట్రోఫీలు గెలిచాక కూడా వెళ్ళి, భుజం, అడుగు సరిచేయించుకునేవాడు. 2012లో మార్టినెజ్ చనిపోయాక, ఒకప్పటి బేస్‌బాల్ పిచర్ (మన బౌలర్‌లాంటివాడు) టామ్ హౌస్‌తో అదే పని చేశాడు. ఏడో ట్రోఫీ 2021 ఫిబ్రవరిలో, 43 ఏళ్ళ వయసులో. ఇంతా చెప్పి ఆయన్ని మహర్షిని చెయ్యడం లేదు. బంతుల్లో గాలి తగ్గించారన్న వివాదంలో 2016లో నాలుగు మ్యాచ్‌ల నిషేధం కూడా అనుభవించాడు. మనం తీసుకునేది పద్ధతి మాత్రమే.

ఈ వారం అభ్యాసం. నోటుబుక్కులో కొత్త పేజీ తీయండి. తేదీ ఉంచి, మిగతా రెండు గడులూ కొట్టేసి, మూడు కొత్తవి గీయండి: ముందు, చేతిలో, తర్వాత.

సంగీతం క్లాసు ఉదాహరణగా తీసుకుందాం. పక్కమ్మాయి కీర్తన పాడబోతుంటే, అనుపల్లవిలో ఏ సంగతి దగ్గర తాళం జారుతుందో ముందే ఊహించి ‘ముందు’ గడిలో రాయండి. పాడటం అయ్యాక నిజంగా ఎక్కడ జారిందో ‘తర్వాత’ గడిలో. మీ వంతు వచ్చినరోజే ‘చేతిలో’ గడి నింపండి, అదీ ఒకే ఒక్క విషయం మీద దృష్టి పెట్టి. రాగం, తాళం, ఉచ్చారణ, గొంతు నాలుగూ ఒకేసారి సరిచేద్దామనుకుంటే నాలుగూ పోతాయి. పక్కవాళ్ళ తప్పులు రాసేటప్పుడు పేర్లు రాయకండి. నోటుబుక్కు ఎవరి కంటైనా పడితే క్లాసే మానెయ్యాల్సి వస్తుంది.

రోజుకి అయిదు ఊహలు చాలు. ఎన్ని నిజమయ్యాయో పేజీ అడుగున అంకె వెయ్యండి. వారంపాటు ఆ అంకెని పక్కవాళ్ళ ఆటతో కాదు, మీ నిన్నటి అంకెతోనే పోల్చండి.

వచ్చే పాఠం వెనకబడ్డప్పుడు ఎలా ఆడాలన్నది. 2017 ఫిబ్రవరి 5 నాటి సూపర్ బౌల్‌లో 28–3తో వెనకబడిన బ్రేడీ జట్టు 34–28తో ఎలా గెలిచిందో ఒక్కో ఎత్తుగడా తీసి చూద్దాం. వీడియో దొరికితే మూడో క్వార్టర్ నుంచి చూసి రండి. చూసేటప్పుడు ఫోను పక్కన పెట్టి, ప్రతిసారీ బంతి కదలకముందే ఎటు వెళ్తుందో ఒక మాట అనుకోండి.