దర్బారు పతకానికి ధర కట్టడం ఎలా?

తాతగారి పెట్టెలో వెండి పతకం దొరకగానే చింతపండు పెట్టి తళతళా తోమేసి, ఆ తర్వాత "ఎంతొస్తుందండీ?" అని అడుగుతారు. తోమకముందే అడగాలి. ఏళ్ల తరబడి పట్టిన నలుపు పోయిందంటే సేకరించేవాళ్లు ధర కోసేస్తారు.

1911 ఢిల్లీ దర్బారు పతకాన్నే తీసుకుందాం, అంటే బ్రిటిష్ రాజు ఐదో జార్జి పట్టాభిషేకం సందర్భంగా ఢిల్లీలో జరిపిన వేడుకకు గుర్తుగా ఇచ్చింది. ఒకవైపు కిరీటాలతో ఐదో జార్జి, మేరీ రాణి. రెండోవైపు పారశీక లిపి. వ్యాసం సుమారు ఒకటిన్నర అంగుళం. వెండివి వేల సంఖ్యలో పంచారు, కాబట్టి "అత్యంత అరుదైనది" అనే మాట నమ్మకండి.

పదింతలు చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే కాటా, నూలుదారం, గ్లాసుడు నీళ్లు చాలు. కిటికీ దగ్గర, పొద్దుటి వెలుగులోనే చూడాలి. ఫోన్ జూమ్ పనికిరాదు.

అందరూ బోల్తా పడేది ఇక్కడే: అచ్చు కొట్టిన అసలుదా, పోత పోసిన నకలా? అరిగినంత మాత్రాన నకలు కాదు. అసలుది అరిగితే ముందు ఎత్తైన చోట్లే అరుగుతుంది: రాజు చెంప, జుట్టు. అంచు దగ్గరి అక్షరాలు మాత్రం పదునుగానే ఉంటాయి. పోతలో అన్నీ ఒకేలా మొద్దుబారి, వాడిన సబ్బుబిళ్ల మీద అక్షరాల్లా కనిపిస్తాయి. అక్షరాల మధ్య సూదిమొనంత గుంటలున్నాయా, అంచు మీద అతుకు గీత గానీ ఆకురాయి గుర్తులు గానీ ఉన్నాయా, చుట్టూ తిప్పి చూడండి. తొందరపడకండి, మర్నాడు మళ్లీ చూడండి.

ఆ తర్వాతే నీళ్ల పరీక్ష. రిబ్బను తీసి పతకాన్ని తూచండి. నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి సున్నా చేయండి. పతకాన్ని దారంతో వేలాడదీసి, అడుగు తగలకుండా పూర్తిగా ముంచండి. బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది. మొదటి బరువును ఇప్పుడు కాటా చూపే అంకెతో భాగించండి: 31 గ్రాములకు 3 చూపిస్తే 10.3, అంటే వెండే. జర్మన్ సిల్వర్ (వెండిలా కనిపించే, వెండి లేని మిశ్రమ లోహం) అయితే 9 దాటదు. తడిని మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. వెండితోనే పోసిన నకళ్లూ ఉంటాయి కనుక ఈ పరీక్షలో నెగ్గినా కంటి తీర్పే పైమాట.

కొందరు కంసాలి దగ్గర గీటురాయి మీద గీయిస్తారు. వెండి సంగతి తేలుతుంది, అంచు మీద గీతా మిగులుతుంది! పైగా ఆయన చెప్పేది కరిగిస్తే వచ్చే ధర. అది మీ కనీస ధర, అంతే.

అంచున పేరు లేదని బెంగపడకండి, ప్రభుత్వం పేరు చెక్కకుండానే ఇచ్చింది. అందుకున్నవారి కాగితాలో ఫొటోనో ఉంటే విలువ పెరుగుతుంది. లాకెట్ కోసం టంకం వేయించి ఉంటే బాగా తగ్గుతుంది.

ఇక ధర. అమ్మకానికి పెట్టిన రేట్లు వదిలేయండి. అదే స్థితిలో ఉన్న పతకాలు వేలంలో ఎంతకు పోయాయో, అలాంటివి మూడు వెతికి మధ్యస్థంగా ఉన్నది పట్టుకోండి. లండన్ వేలాల అంకెలు చూసి ఆశపడొద్దు: నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువుల్ని సొంతంగా దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. మన దేశంలో జరిగే వేలాల ధరలే లెక్క.