కప్లర్‌లో పిన్ వదులైనా, మాడినా: గుర్తించడం, తీయడం, మార్చడం

ఏనుమాముల మార్కెట్‌కు పత్తి మోసే ట్రాలీ ఆటోలకైనా, కరిగెటలో తిరిగే ట్రాక్టర్లకైనా వైరింగ్ జబ్బు ఎక్కువగా కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు) పిన్ దగ్గరే మొదలవుతుంది. వైర్లు కోసి మెలిపెట్టి టేపు చుట్టడం వైద్యం కాదు.

సమస్య: గుంతలో పడ్డప్పుడల్లా హెడ్‌లైట్ ఆరి వెలుగుతుంది, కప్లర్ వేడెక్కుతుంది.

కారణం: ఆడ పిన్ (ఎదుటి మగ పిన్నును పట్టుకునే రేకు) పట్టు వదిలింది. లైటు వేసి, మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, అదే వైరుకు కప్లర్ ఇవతల ఒక మొన, అవతల ఒక మొన ఆనించండి. 0.1 వోల్టు లోపుంటే పిన్ బాగుంది. 0.3 దాటితే మార్చాల్సిందే. 5 ఆంపియర్లు పోయేచోట 0.2 ఓమ్‌ల అడ్డు ఉంటే 5 వాట్ల వేడి ఆ చిన్న రేకులోనే పుడుతుంది. ప్లాస్టిక్ కరిగేది అందుకే.

పరిష్కారం: ముందు బ్యాటరీ మైనస్ తీయండి. కప్లర్‌ను వైర్లు పట్టి లాగకండి, డొప్ప పట్టి విడదీయండి. రంగు క్లిప్పు ఉంటే అది రెండో లాక్, దాన్ని ముందే లేపాలి. పిన్ వీపున చిన్న నాలుక ఉంటుంది, పిన్నును ఆపేది అదే. మొదట వైరును లోపలికే నెట్టండి. నాలుక మీద ఒత్తిడి పోతుంది. అప్పుడు కప్లర్ మూతి వైపు నుంచి సన్నని స్క్రూడ్రైవర్‌తో నాలుకను నొక్కి, వెనక నుంచి వైరును మెల్లగా లాగండి. రాకపోతే బలవంతం వద్దు, లోపలి ప్లాస్టిక్ గట్టు విరిగితే కప్లరే మార్చాలి.

కొత్త పిన్ వెడల్పు పాతదానికి సరిపోవాలి: ఎక్కువగా 2.8 లేదా 6.3 మిల్లీమీటర్లు ఉంటుంది. రబ్బరు సీలు ఉంటే క్రింప్ చేసేముందే (పిన్ రెక్కల్ని వైరు మీద నొక్కి బిగించే ముందే) వైరుకు తొడగండి. సుమారు 5 మిల్లీమీటర్ల తొడుగు ఒలిచి, ముందు రెక్కలు రాగిని, వెనక రెక్కలు తొడుగును పట్టేలా క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. మామూలు కట్టింగ్ ప్లయర్‌తో చితక్కొడితే పోగులు వదులవుతాయి. సోల్డర్ పెడితే అది వైరులోకి పాకి పోగులు బిరుసెక్కుతాయి, అదురుకు అక్కడే తెగుతాయి. పిన్ టక్కుమని కూర్చున్నాక ఒకసారి లాగి చూడండి.

సమస్య: మార్చిన పిన్ మళ్లీ మాడింది.

కారణం: ఎదుటి మగ పిన్ నల్లబడే ఉంది, లేదా 60/55 వాట్ల (హై/లో బీమ్) బల్బు చోట 100/90 వాట్ల బల్బు పెట్టారు. రెండు పిన్నులూ మార్చండి, బల్బు పాత వాటేజీకి తేండి.

సమస్య: పిన్ మీద ఆకుపచ్చ చిలుము పట్టింది.

నీళ్లు దిగాయి. రాగి మెరిసే దాకా వైరు కోయండి, పొట్టిదైతే అంతే మందం ముక్క కలపండి. డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తడి చేరనివ్వని గ్రీజు) పూసి, వైరు కిందికి వంగి పైకెక్కి కప్లర్‌లో చేరేలా కట్టండి, వాన నీళ్లు వంపు దగ్గరే కారిపోతాయి.