ఫోన్‌తో మొదటి షార్ట్ ఫిల్మ్: ముందు ఫ్యాన్ ఆపండి

బొమ్మ కాస్త అటూ ఇటూ ఉన్నా చూసేవాళ్లు సర్దుకుంటారు. మాట వినపడకపోతే మాత్రం రెండో నిమిషానికే పక్కవాడితో కబుర్లలో పడతారు. అందుకే డబ్బులు, ఓపిక రెండూ ముందు సౌండ్ మీద పెట్టండి. కెమెరాగా మీ చేతిలో ఉన్న ఫోనే చాలు.

ఒక పేజీ స్క్రిప్టు తెర మీద సుమారు ఒక నిమిషం. మూడు నాలుగు పేజీలు రాసుకోండి: ఇద్దరు మనుషులు, ఒక గది, ఒక రోజు. హైదరాబాద్‌లో ఈ చివర ఉప్పల్‌లో ఒక సీను, ఆ చివర కూకట్‌పల్లిలో ఇంకోటి పెట్టుకుంటే ట్రాఫిక్‌లోనే వెలుతురంతా అయిపోతుంది. మెట్రో స్టేషన్లు, మాల్స్ లాంటివి పర్మిషన్ లేకుండా రాసుకోకండి. కాలేజీలో తీయాలంటే తేదీ, టైము వేసి సంతకం చేయించుకున్న కాగితం ఫోన్‌లో ఫొటోగా ఉంచుకోండి. ఆదివారం గేటు దగ్గర వాచ్‌మన్ అడిగేది అదే.

ఇక ఫోన్ సెట్టింగులు. సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు), షట్టర్ 1/50, అంటే ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడేది సెకనులో యాభయ్యో వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, చవకరకం ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటాయి. షట్టర్ 1/60 మీద ఉంటే ఆ లెక్క కుదరక గోడ మీద నల్లటి చారలు పాకుతాయి, ఎడిట్‌లో అవి సులువుగా పోవు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం. మీ ఫోన్‌లో పనిచేస్తే ఫ్రేములు, షట్టర్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే కనపడేలా చేసే రంగుల సర్దుబాటు), ఫోకస్ అన్నీ అందులో లాక్ చేసుకోవచ్చు. బయట ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లగా కాలిపోతుంది. ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించడానికి లెన్సు ముందు పెట్టే నల్లద్దం) లేకపోతే అక్కడ షట్టర్ వేగం పెంచేయండి, ఎండకి చారల గొడవ లేదు. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరిచిపోతే మంచి టేకు మధ్యలోనే అమ్మ ఫోన్ చేస్తుంది.

లైటింగ్‌కి కిటికీ ఉంది. మనిషిని కిటికీకి పక్కగా కూర్చోబెట్టి, అవతలి చెంప వైపు రెండు మూడు అడుగుల దూరంలో తెల్ల థర్మాకోల్ షీటు పట్టించండి. ట్యూబ్‌లైటు ఆపేయండి, రెండు రంగుల వెలుతురు కలిస్తే మొహం పచ్చగా పడుతుంది. మేడ మీద సాయంత్రం సీను ఉంటే డిసెంబరులో ఐదు ముప్పావుకల్లా పొద్దు గుంకుతుందని, మే నెలాఖరులో ఇంకో గంట ఉంటుందని లెక్క వేసుకోండి.

సౌండ్ దగ్గర మాత్రం నిదానంగా పనిచేయండి. ఫ్యాన్ ఆపండి. ఫ్రిజ్ ప్లగ్ తీయండి, తీసి మీ బైకు తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టండి. ఇంటికి వెళ్లేటప్పుడు తాళాల కోసం వస్తారు, ప్లగ్ పెడతారు. నీళ్ల మోటారు ఎప్పుడు వేస్తారో ఓనర్‌ గారిని ముందే అడగండి. ఖాళీ గదిలో మాట గోడలకి కొట్టుకుని డొల్లగా వస్తుంది. ఫ్రేములో పడని చోటల్లా బొంతలు, దుప్పట్లు పరిచి, కుర్చీల మీద ఆరేయండి.

ఆరడుగుల దూరంలో ఉన్న ఫోన్ మైకు మాట కన్నా గదినే ఎక్కువ పట్టుకుంటుంది. కోఠి గుజరాతీ గల్లీలోనో, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్లోనో వెయ్యి లోపే వైరు కాలర్ మైకు దొరుకుతుంది. మీ ఫోన్ పిన్నుకు సరిపోతుందో లేదో షాపులోనే పెట్టి, రికార్డు చేసి, విని మరీ కొనండి. దాన్ని రెండో ఫోన్‌కి తగిలించి నటుడి జేబులో వేయండి. మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. పాలియెస్టర్ చొక్కా, పట్టుచీర రాసుకుని గరగరమంటాయి కాబట్టి మెడికల్ షాపులో దొరికే పేపర్ టేపుతో కదలకుండా అతికించండి. ప్రతి టేకు ముందు కెమెరా ఎదుట గట్టిగా చప్పట్లు కొడితే రెండు ఫైళ్లూ కలపడానికి గుర్తు దొరుకుతుంది. సీను అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి ముప్పై సెకన్లు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ఎడిట్‌లో మాటల మధ్య ఖాళీలు దానితోనే నింపుతారు.

"డబ్బింగ్‌లో చూసుకుందాంలే" అనే మాట సెట్‌లో రానివ్వకండి. వారం తర్వాత అదే మనిషి అదే ఊపిరితో ఆ మాట చెప్పలేడు, పెదాలు కలపడానికే రెండు రాత్రులు పోతాయి.

షూటింగ్‌లో ముందు సీనంతా వైడ్‌లో, అంటే ఇద్దరూ, గదీ కనపడేలా దూరం నుంచి, ఒకసారి తీసేయండి, తర్వాత సజెషన్లు (ఒకరి భుజం మీదుగా ఇంకొకరి మొహం), క్లోజప్‌లు. ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకుని కెమెరా దానికి ఒకే వైపున ఉంచండి. దాటితే ఇద్దరూ ఒకే దిక్కుకి చూస్తున్నట్టు ఉంటుంది. "యాక్షన్" తర్వాత మూడు సెకన్లు ఆగి మాట మొదలుపెట్టించండి, చివరా అంతే ఆగి కట్ చెప్పండి. కంటిన్యుటీ ఒకరికి అప్పగించండి. వైడ్‌లో కుడి చేతిలో సగం ఉన్న టీ గ్లాసు, క్లోజప్‌లో ఎడమ చేతిలో నిండుగా పొగలు కక్కుతుంటే ఆ రెండు షాట్లూ అతకవు. కట్ చెప్పగానే గ్లాసుని, చేతిని ఫొటో తీయమనండి.

ఆ రాత్రే ఫైళ్లు రెండు చోట్ల కాపీ చేయండి. ఎడిటింగ్‌కి డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. ఫైళ్లు లోపలికి తెచ్చేముందే ప్రాజెక్టుని 25 ఫ్రేములకి పెట్టండి, తర్వాత మార్చనివ్వదు. ఫోన్లు ఫ్రేముల వేగాన్ని తామే అటూ ఇటూ మారుస్తుంటాయి. టేకు మొదట్లో కలిసిన మాట చివరికి జారిపోతే కారణం అదే. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి (మారని వేగానికి) మార్చి మళ్లీ తెచ్చుకోండి. సినిమా పాట వాడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ ఉంది, కీబోర్డు వాయించే క్లాస్‌మేట్ ఉంటే ఇంకా మేలు.

ఎడిట్ ఇక మార్చేది లేదని లాక్ చేసేముందు స్క్రిప్టు తెలియని ముగ్గురికి చూపించండి. తెర వదిలేసి వాళ్లనే చూడండి. ఎక్కడ కదిలారో, ఎక్కడ "ఏమన్నాడు?" అన్నారో నిమిషం, సెకను రాసుకోండి. ముగ్గురూ ఒకే చోట కదిలితే ఆ షాటు ఎంత ఇష్టమైనదైనా తీసేయండి. ఎక్కువసార్లు అది మొదటి ముప్పై సెకన్లలోని టైటిళ్లే అయి ఉంటుంది.