అమోనియా వాసన వస్తోంది, ఎఫ్‌టీఐఆర్ సున్నా చూపిస్తోంది: ఎందుకు?

సమస్య: కర్నూలు శివారు కోల్డ్ స్టోరేజీ. ముక్కు పగిలే వాసన. పాసివ్ ఎఫ్‌టీఐఆర్ (వేడి కిరణాలను చూసి దూరం నుంచే గ్యాస్‌ను పట్టే పరికరం) తెర మీద మాత్రం అమోనియా గీతలు పడాల్సిన 931, 967 వేవ్‌నంబర్ల (ఏ రకం కిరణమో చెప్పే అంకెలు) దగ్గర ఏమీ లేదు.

ముందు మనుషుల్ని గాలి వచ్చే వైపుకు పంపించండి, పరికరం సంగతి తర్వాత. డిటెక్టర్‌లో దాన్ని చల్లబరిచే లిక్విడ్ నైట్రోజన్ ఉందా, ఇంటర్‌ఫెరోగ్రామ్ (పరికరం నమోదు చేసే ముడి సిగ్నల్) నడిమి స్పైక్ ఎప్పటి ఎత్తులోనే ఉందా, కిటికీ మీద దుమ్ము పట్టిందా? ఇవి చూసే ఉంటారు. అన్నీ బాగుంటే సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. పరికరం టెలిస్కోప్ గ్యాస్ వెనక దేన్ని చూస్తోందో చూడండి. ఎంత చెప్పినా అందరూ వదిలేసేది ఇదే.

అసలు కారణం: పాసివ్ పరికరానికి సొంత దీపం ఉండదు. వెనకున్న గుట్ట (ఇక్కడ జగన్నాథగట్టు) నుంచి వచ్చే వేడి కిరణాలే దానికి వెలుతురు. మధ్యాహ్నం జగన్నాథగట్టు బండలు గాలికన్నా బాగా వేడెక్కి ఉంటాయి. మధ్యలో ఉన్న అమోనియా ఆ కిరణాలను మింగుతుంది, 967 దగ్గర గుంత స్పష్టంగా పడుతుంది. పొద్దు వాలాక బండ చల్లారే కొద్దీ ఆ గుంత పలచబడుతుంది. బండ, గాలి ఒకే వేడికి వచ్చిన వేళ గ్యాస్ ఎంత మింగుతుందో అంతే వదులుతుంది, గీత చదునైపోతుంది. బండ ఇంకా చల్లబడితే అదే గ్యాస్ ఈసారి శిఖరంగా లేస్తుంది. లీకు అంతసేపూ ఉన్నట్టే! పొద్దున బండ వేడెక్కేటప్పుడూ ఇదే జరుగుతుంది. ఏ గంటకన్నది ఆనాటి ఎండను, గాలిని, మబ్బును బట్టి మారుతుంది.

తేల్చుకోవడం: అమోనియా గీతలు లేని చోట బ్రైట్‌నెస్ టెంపరేచర్ (వచ్చే కిరణాలను బట్టి వెనకున్నది ఎంత వేడిగా కనిపిస్తోందో ఆ లెక్క) చదివి, నీడలోని థర్మామీటర్‌తో పోల్చండి. బ్లాక్‌బాడీ కాలిబ్రేషన్ (వేడి ఎంతో తెలిసిన నల్లటి పలకతో పరికరాన్ని సరిచూడటం) ఆ రోజుదై ఉండాలి. తేడా ఒక డిగ్రీ కూడా లేకపోతే చిన్న లీకు నాయిస్‌లో (పరికరం సొంత గజిబిజి సిగ్నల్‌లో) కలిసిపోతుంది. అప్పుడు లాగ్‌బుక్‌లో దయచేసి "గ్యాస్ లేదు" అని రాయకండి. "చూడగలిగే పరిస్థితి లేదు" అని రాయండి. ఆ సున్నాను నమ్మి ఎవరైనా లోపలికి వెళ్తారు.

ఏం చేయాలి: టెలిస్కోప్‌ను గుట్ట మీదుగా తేట ఆకాశం వైపు ఎత్తండి. ఆకాశం చల్లన కాబట్టి శిఖరం తేలుతుంది. మరీ కిందికి పెడితే అక్కడి ఆకాశం కూడా దాదాపు గాలి వేడిలోనే కనిపిస్తుంది. గ్యాస్ ఆ చూపు దారిలో ఉండాలన్నదీ మరవొద్దు. 1040 ప్రాంతంలో కనిపించేది ఓజోన్, దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు. కిందికి దిగిన మబ్బు ఉంటే ఈ ఉపాయం పనిచేయదు. ఇరవై నాలుగు గంటలూ కాపలా కావాలంటే సొంత ఇన్‌ఫ్రారెడ్ దీపం ఉన్న యాక్టివ్ ఓపెన్ పాత్ పరికరమే పెట్టుకోవాలి.

బీమ్‌స్ప్లిటర్‌కు (కిరణాన్ని రెండుగా చీల్చే పలకకు) చెమ్మ తగలడం, పరికరం లోపలి లేజర్ నీరసించడం అరుదు. అవైతే స్పైకే పడిపోతుంది, సర్వీస్ వాళ్లను పిలవండి.