బెట్టా చేప తొట్టిలో నీరు తెల్లబడటం ఎలా ఆగిందంటే

అనంతపురంలోని మా ఇంట్లో 20 లీటర్ల గాజు తొట్టిలో ఉన్న బెట్టా చేప రెక్కలు ముడుచుకొని అడుగున పడి ఉండేది. నీరు మార్చిన కొద్ది రోజులకే మళ్ళీ తెల్లగా మసకబారేది. ఉప్పు, నీలిరంగు మందు, వేరే మేత, తొట్టిని పూర్తిగా కడగడం, ఏదీ ఫలించలేదు.

పరీక్ష కిట్‌తో చూడగా నీటిలో అమ్మోనియా కనబడింది. చేప విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గానూ, ఆపై నైట్రేట్‌గానూ మార్చే బ్యాక్టీరియా కొత్త తొట్టిలో స్థిరపడటానికి వారాలు పడుతుంది. క్షారగుణమున్న నీటిలో, వేడిలో అమ్మోనియా మరింత విషమవుతుంది కనుక మా బోరు నీటికి, మా ఎండలకు ఇది ముఖ్యమైన సంగతి.

మొదట, చేపలు ఆరోగ్యంగా ఉన్న మిత్రుని తొట్టిలో చాలాకాలంగా నడుస్తూ, ఆ బ్యాక్టీరియా స్థిరపడిన స్పాంజి ఫిల్టరును, అది చావకుండా అదే నీటిలో ముంచి తెచ్చి అమర్చాను. తరువాత ఫిల్టరుకు గాలి పంపే గొట్టపు మరను తిప్పి, బుడగలు ఒక్కొక్కటిగా తేలేంత వరకు తగ్గించాను. పొడవాటి రెక్కల బెట్టాకు ప్రవాహం అలసట తెస్తుంది. అమ్మోనియా సున్నాకు చేరేవరకు రోజూ నాలుగో వంతు నీరు మాత్రమే మార్చాను. స్పాంజిని కుళాయి కింద కడగకుండా, తొట్టిలోంచి తీసిన నీటిలోనే, గోధుమరంగు మడ్డి కొంత దిగేంతగా మెల్లగా పిండాను.

నీరు తేటపడింది, చేప నీటిపైన నురుగు గూడు కట్టింది. ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే విరుగుడు చుక్కలు కలపాలి. పరీక్షలో అమ్మోనియా లేకపోతే, లేదా ఒంటిపై తెల్లచుక్కలుంటే, కారణం వేరుగా వెతకాలి.