చెదా, పుచ్చా? మందు కొనేముందు చెక్క కింద చూడండి

విజయవాడ, గుంటూరు ఇళ్లలో చెక్కకి ఏది పట్టినా ‘చెద పట్టింది’ అనేస్తాం. పెస్ట్ కంట్రోల్ వాళ్లకీ అదే చెప్తాం, వాళ్లొచ్చి నేల చుట్టూ డ్రిల్ చేసి మందు పోసి వెళ్తారు. పట్టింది పుచ్చు పురుగైతే ఆ మందు దాని దాకా చేరనే చేరదు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే చెద నేలలోంచి వస్తుంది, పుచ్చు చెక్కలోనే పుట్టి పెరుగుతుంది. తేడా తెలియాలంటే కింద ఏం రాలిందో చూడాలి.

గోడ మీద మట్టి గీతలు, గుమ్మాన్ని తడితే బోలు శబ్దం

నేల చెద ఇది. పొడిగాలి తగిలితే బతకలేదు కాబట్టి మట్టి గొట్టం కట్టుకుని అందులోంచే పైకి వస్తుంది. పైన పెయింట్ అలాగే ఉంటుంది, లోపల చెక్క ఉండాల్సిన చోట మట్టి ఉంటుంది. గీతని రెండంగుళాలు గీకి వదిలేయండి. కొన్ని రోజుల్లో మళ్లీ పూడితే చెద ఉన్నట్టే. పూడకపోయినా పోయిందనుకోవద్దు, దారి మార్చుకుని ఉండొచ్చు.

కిరోసిన్ కొడితే కనిపించినవి చస్తాయి. గూడు మాత్రం నేలలో క్షేమంగా ఉంటుంది. గోడ, నేల కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. కన్నాలు వేయించి మందు పోయించాలి. క్లోర్‌పైరిఫాస్ 20 ఇ.సి. (నీళ్లలో కలిపే 20 శాతం మందు) అయితే లీటరు మందుకి 19 లీటర్ల నీళ్లు, ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం అయితే లీటరు నీళ్లకి 2.1 మి.లీ. సీసా మీ ముందే తెరిచి కలపమనండి, మొహమాటం అక్కర్లేదు. సంపు, బావి పక్కన మాత్రం పోయనివ్వద్దు.

తేమ ఆపకపోతే ఇదంతా దండగ. బాత్రూమ్ వెనక గోడ, ఏసీ నీళ్లు కారే మూల, సింకు కింద కప్‌బోర్డు ముందు చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు నిలిచిన విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలో గుమ్మాల అడుగుభాగాన్ని ఇప్పటికీ అప్పుడప్పుడూ తట్టి చూసుకోవడం మంచిది.

సన్నని కన్నాలు, కింద మెత్తటి పొడి

వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలదు, కన్నం గుండుసూది తలంత. ఇది పుచ్చు. కొత్త మంచం కొన్న కొన్నాళ్లకే పొడి రాలితే, గుడ్లు చాలావరకు చెక్కతోపాటే ఇంటికొచ్చినట్టు. మామిడి, రబ్బరు చెక్క, వెదురుకి ఎక్కువ. టేకుకి పట్టదంటారు గానీ చేవకే (లోపలి ముదురు చెక్కకే) ఆ ధీమా, అంచున ఉండే తెల్ల చెక్కకి లేదు.

పొడి తుడిచేసి కింద నల్ల కాగితం పరవండి. వారం, పది రోజుల్లో మళ్లీ రాలితే పురుగు ఉండొచ్చు. పాత కన్నం లోపల నల్లబడి, పొడి ఆగిపోయి ఉంటే ఖర్చు పెట్టకండి. అది పురుగు బయటికి పోయిన దారి. రాలుతుంటే బోరర్ (పుచ్చు పురుగు) మందుని సిరంజీతో కన్నాల్లోకి ఎక్కించి, లప్పం పెట్టి, అడుగువైపు కూడా వదలకుండా వార్నిష్ వేయించాలి. రోహిణి కార్తె ఎండలో పెడితే చాలదా? లావు చెక్క లోపలికి ఆ వేడి అంతగా వెళ్లదు.

గసగసాల్లాంటి గట్టి గుళికలు

పొడి చెక్కలోనే కాపురం పెట్టే చెద. దీనికి నేలతో పనిలేదు, కాబట్టి నేల డ్రిల్లింగ్‌కి ఒప్పుకోకండి. పట్టిన ముక్క తీసేయించడం, కుదరకపోతే కన్నాల్లోకి మందు ఎక్కించడం.

తొలకరి రాత్రి లైటు కింద రెక్కలు

బయటి నుంచి వచ్చిన ఉసుళ్లైతే (రెక్కలొచ్చిన చెద) టెన్షన్ వద్దు. కిటికీలు మూసి ఉన్నా గది లోపల రెక్కలు రాలితే గుమ్మాలు తట్టి చూడండి. నాలుగు రెక్కలూ ఒకే పొడవుంటే చెద. ముందువి పొడుగ్గా ఉండి, నడుము సన్నగా ఉంటే రెక్కల చీమ.

ఇక సన్‌షేడ్ కింద దూలానికి వేలు దూరేంత గుండ్రటి కన్నం ఉంటే నల్ల తుమ్మెద పని. అది చెక్క తినదు, గూడు తొలుచుకుంటుంది. తుమ్మెద లేనప్పుడు చూసి కన్నం మూసి పెయింట్ వేస్తే చాలు. గండుచీమలూ చెక్క తినవు. గుమ్మంలోంచి వస్తుంటే అక్కడ ఇప్పటికే నాని కుళ్లిన చెక్క ఉందేమో వడ్రంగిని పిలిచి చూపించండి.