పాత సినిమా కబుర్లు – 3వ పాఠం: "అద్భుతంగా చేసింది" తర్వాత ఏం మాట్లాడాలి?

రెండో పాఠంలో తెర కొలతలు చూశాం. 1932 నుంచి హాలీవుడ్‌లో స్థిరపడిన 1.37:1 (వెడల్పు:ఎత్తు) ఫ్రేమును వెడల్పు టీవీకి సరిపడేలా సాగదీస్తే ముఖాలు ఉబ్బిపోతాయి, పైనా కిందా కోస్తే చేతులు ఎగిరిపోతాయి. వేగం సంగతి ఈ పాఠానికి వాయిదా వేశాం. దాని దగ్గరికి తర్వాత వద్దాం, ముందు అసలు పని.

ఇద్దరు పాత సినిమా అభిమానులు కలిస్తే "ఆవిడ అద్భుతం", "ఆయన మహానటుడు" అనుకుంటారు. రెండో మాటకే కబుర్లు ఆగిపోతాయి, ఎందుకంటే దానికి "అవునవును" తప్ప బదులు లేదు. అదే "పెళ్లికొడుకు పేరు వినగానే ఆమె చేతిలో పని ఆపలేదు, కానీ చేతి వేగం తగ్గింది" అన్నామనుకోండి. ఎదుటివాళ్లు వెళ్లి ఆ సీను చూసుకోవచ్చు, కాదనవచ్చు, ఇంకోటి పట్టుకురావచ్చు. అలా పని రూపంలో చెప్పడమే ఈ పాఠంలో నేర్చుకునేది.

సినిమా మొత్తం వద్దు, రెండు నుంచి నాలుగు నిమిషాల సీను ఒకటి తీసుకోండి. అందులో ఒక పాత్ర ఏదైనా దాస్తుండాలి, లేదా మధ్యలో మనసు మార్చుకోవాలి. పెద్ద డైలాగున్న సీనుతో మొదలుపెట్టకండి. మాటలు బాగుంటే నటనా బాగున్నట్టే అనిపిస్తుంది, రెండింటినీ విడదీయడం కొత్తలో కష్టం.

ఆ సీనును నాలుగుసార్లు చూడాలి. మొదటిసారి మామూలుగా, ఏమీ రాయకుండా. రెండోసారి మ్యూట్ చేసి. మూడోసారి కళ్లు మూసుకుని, వింటూ. నాలుగోసారి మాట్లాడని మనిషినే చూస్తూ. ఈ నాలుగో చూపును చాలామంది వదిలేస్తారు. అసలు సరుకు ఉండేది అక్కడే: వినేటప్పుడు నటుడికి డైలాగు అండ ఉండదు, ఏం చేసినా సొంతంగా చేయాల్సిందే.

కాగితం మీద మూడు గళ్లు గీయండి: సమయం, ఏం చేసింది, ఎవరి పని. రెండో గడిలో క్రియలే రాయాలి. "కోపంగా చూసింది" చెల్లదు. "చూపు దించింది, కింది పెదవి లోపలికి లాక్కుంది, రెండు సెకన్లాగి జవాబిచ్చింది" చెల్లుతుంది. అది కోపమా, అవమానమా, ఏడుపు ఆపుకోవడమా అన్నది తర్వాత అందరూ కలిసి తేల్చుకుంటారు. పది వరుసలు చాలు. ముప్పై రాస్తే ఏది ముఖ్యమో మీకే తెలియకుండా పోతుంది.

మూడో గడి దగ్గరే ఎక్కువమంది తడబడతారు. తెరమీద మనల్ని కదిలించినదంతా నటి చేసిందే అనుకుంటాం. అందులో ఎడిటర్‌ది కొంత, గాయకులది కొంత, సంగీతానిది కొంత ఉంటుంది.

1920 ప్రాంతంలో రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం ఇందుకు పాత ఉదాహరణ. మొజుఖిన్ అనే నటుడి ఒకే ముఖాన్ని వేర్వేరు దృశ్యాల పక్కన అతికిస్తే, చూసేవాళ్లు ఆ ఒక్క ముఖంలోనే వేర్వేరు భావాలు చూశారని చెబుతారు. దీన్ని మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు. క్లోజప్ రాగానే ఆపండి. ముందు షాట్ ఏమిటో తెలియని మనిషికి ఆ ఒక్క క్లోజప్ చూపించి, ఆమెకేమైందో అడగండి. జవాబు దగ్గరగా వస్తే మూడో గడిలో నటి పేరు, రాకపోతే ఎడిటింగ్ అని రాయండి. ఎడిటింగ్ అని రాయడం నటిని తక్కువ చేయడమేమీ కాదు. ముఖంలో ఏమీ చేయకుండా ఉండగలగడం కూడా చేతనవ్వాలి.

శబ్దం ఇంకా మోసం చేస్తుంది. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' (1955)లో హరిహర్ ఊరినుంచి తిరిగొచ్చి, కూతురి కోసం తెచ్చిన చీర తీస్తాడు. కూతురు చనిపోయిందని అతనికింకా తెలియదు. అతని భార్య సర్వజయ కుప్పకూలుతుంది. "ఏం ఏడ్చిందండీ, గుండె పిండేసింది" అంటారు చాలామంది. అక్కడ ఆమె ఏడుపు వినబడదు. రాయ్ దాని స్థానంలో తార్ షెహనాయి అనే తీగ వాద్యం పెట్టాడు. మ్యూట్‌లో చూస్తే సర్వజయగా చేసిన కరుణా బెనర్జీ వంతు ఎంతో తేలుతుంది, కళ్లు మూసుకుని వింటే వాద్యం వంతు తేలుతుంది. రెండూ విడివిడిగా చెప్పగలిగితే ఆ సీను గురించి పావుగంట మాట్లాడుకోవచ్చు.

ఇక మనందరికీ కంఠతా వచ్చిన సినిమా: 'మాయాబజార్' (1957), 'అహ నా పెళ్ళియంట' పాట. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. సావిత్రి మగవాణ్ణి అనుకరించిందని ఆగిపోతే సగమే చెప్పినట్టు. ఆమె అనుకరించాల్సింది ఏదో ఒక మగవాణ్ణి కాదు, ఎస్వీ రంగారావు ఘటోత్కచుణ్ణి. అందుకని ముందు రంగారావు సీను ఒకటి మ్యూట్‌లో చూసి మూడు అలవాట్లు రాసుకోండి: ఛాతీ ఎలా నిలుపుతాడు, గడ్డం ఎంత ఎత్తుతాడు, అడుగు ఎంత దూరం వేస్తాడు. తర్వాత అసలు శశిరేఖ సీను చూసి ఆ మూడే మళ్లీ రాయండి. అప్పుడు పాట పెట్టండి. రంగారావు అలవాటు ఎక్కడ తొంగి చూసింది, దాన్ని శశిరేఖ అలవాటుతో ఎక్కడ కప్పేసింది, ఈ రెండూ ఒకే షాట్‌లో కట్ లేకుండా జరిగాయా? అలా జరిగిన చోటు దొరికితే అది పూర్తిగా సావిత్రిదే, ఎడిటర్‌కు వాటా లేదు.

మిగతా వాటాలు కూడా పంచండి. ఆడగొంతు సుశీలది, మధ్యలో దూసుకొచ్చే మగగొంతు ఘంటసాలది. నృత్యాలు సమకూర్చినది పసుమర్తి కృష్ణమూర్తి, కాబట్టి స్టెప్పు బాగుందంటే మెచ్చుకోలు ఆయనకు వెళ్లాలి. స్టెప్పు ముగిసిన క్షణంలో, తర్వాతది మొదలయ్యే లోపు ఒంటిని ఎలా పెట్టుకుందో చూసి దాన్ని సావిత్రికివ్వండి. ఈ సినిమా తమిళంలోనూ తీశారు. సావిత్రి, రంగారావు రెంటిలోనూ ఉన్నా అభిమన్యుడు తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. ఏది చూసి మాట్లాడుతున్నారో ముందే చెప్పకపోతే వాదన అనవసరంగా పెరుగుతుంది. 2010లో రంగులద్దిన ప్రింటు కూడా వచ్చింది. ఈ అభ్యాసానికి నలుపు తెలుపుదే వాడండి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే లైటింగ్ చేసింది దానికోసం.

ఇప్పుడు వేగం. "మూకీల్లో అందరూ గెంతుతూ అతి చేస్తారు" అనే ముందు ప్రింటును అనుమానించండి. మూకీ కెమెరాలను చేత్తో తిప్పేవారు, సెకనుకు 16 నుంచి 20 ఫ్రేములు మామూలు. దాన్ని మార్చకుండా టాకీల వేగమైన 24లో ఆడిస్తే అన్నీ పరుగెత్తుతాయి. 18 ఫ్రేముల వేగంతో తీసిన మూడు సెకన్ల చేతి కదలికలో 54 ఫ్రేములుంటాయి. 24లో అది రెండుంపావు సెకన్లకే అయిపోతుంది. నిదానంగా ఎత్తిన చెయ్యి విదిలించినట్టు కనిపిస్తుంది. నటుల్ని కాక, కింద పడే గుడ్డనో పోసే నీళ్లనో చూడండి. అవి కూడా తొందరపడుతుంటే తప్పు ప్రింటుది. ప్లేయర్‌లో వేగాన్ని 0.75కు తగ్గించి మళ్లీ చూడండి. టాకీల్లోనూ చిన్న తేడా ఉంటుంది: యూరప్ టీవీల కోసం 25 ఫ్రేములకు మార్చిన కాపీలో అంతా 4 శాతం వేగంగా నడుస్తుంది, స్వరం సరిచేయకపోతే గొంతు కాస్త సన్నబడుతుంది. గొంతు గురించి రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

వేగం సరిగ్గా ఉన్నా అతిగానే అనిపిస్తే పక్కవాళ్లను చూడండి. సినిమాలో అందరూ అదే స్థాయిలో ఉంటే అది ఆ సినిమా పద్ధతి. ఒక్కరే వేరుగా ఉంటే కావాలని పెట్టారేమో అడగాలి. 'సన్‌సెట్ బులెవార్డ్' (1950)లో గ్లోరియా స్వాన్‌సన్ వేళ్లు, కళ్లు ఒకప్పటి మూకీ పద్ధతిలో కదులుతాయి, ఎదుట విలియం హోల్డెన్ పొడిపొడిగా మాట్లాడతాడు. ఆమె పాత్ర కాలం దాటిపోయిన మూకీ తార. ఆ పొసగనితనమే అక్కడ కథ. దాన్ని అతి అని తీసేస్తే సినిమానే తీసేసినట్టు.

జ్ఞాపకాన్ని నమ్ముకుని వాదించకండి. 'కాసాబ్లాంకా' (1942)లో పియానో వాయించే శామ్‌ను "మళ్లీ వాయించు" అని అడిగే డైలాగు ఉందని ప్రపంచమంతా నమ్ముతుంది. ఆ మాట అదే రూపంలో ఆ సినిమాలో లేదు.

మాట్లాడేటప్పుడు వరస ఇది: ఎక్కడ, ఏం చేసింది, దానివల్ల మీకేం తెలిసింది, చివర ఒక ప్రశ్న. "పదిహేడో నిమిషంలో ఉత్తరం చదివాక మడత పాత గీతల మీదే పెట్టింది. ఇంతకుముందే చాలాసార్లు చదివిందనిపించింది. మీకూ అలాగే అనిపించిందా, లేక ఆ మడత నేనే ఎక్కువ చేసి చూస్తున్నానా?" ఆ చివరి ప్రశ్న మర్యాద కోసం పెట్టింది కాదు. అది లేకపోతే ఎదుటివాళ్లకు చెప్పడానికేమీ మిగలదు.

ఈ పాఠానికి అభ్యాసం: ఇద్దరే ఉన్న, మూడు నిమిషాలు దాటని సీను ఒకటి తీసుకోండి. నాలుగు చూపులు పూర్తిచేసి పది వరుసలు రాయండి. వాటిలో కనీసం మూడు, మాట్లాడని మనిషి గురించి ఉండాలి. మూడో గడి రెండు చోట్ల కంటే ఎక్కువ ఖాళీగా ఉంటే మ్యూట్‌లో ఇంకోసారి చూడండి. పదింటిలోనూ నటి పేరే పడితే క్లోజప్ పరీక్ష సరిగా చేయలేదన్నమాట. నాలుగో పాఠంలో ఈ కాగితంతోనే పని, పారేయకండి.